ముల్లు నిలిచేదాకా

ఘట్‌కేసర్ వెళ్లే రోడ్డు మీద, మేడిపల్లి ఇంకా రాకముందే, జనార్ధనరావు కారును పక్కకు తీసి ఆపేశాడు. బానెట్ అంచుల్లోంచి ఆవిరి సన్నగా లేస్తోంది. ఆయన కిందికి దిగి, వెనక సీట్లో ఉన్న అరుణకుమారినీ, ముందు సీట్లో ఉన్న ఆమె తండ్రి పట్టాభిరామయ్యనూ మొహమాటంగా చూశాడు.

"పట్టాభిగారూ, ఏమనుకోకుండ్రి. బండి సూడ్డానికి మస్తుగున్నది. గని గీ వేడి సంగతి తేలకుండ నేన్ తీసుకపోలేను. రేపు పెండ్లోళ్లను ఎక్కించుకొని పోతుంటే నడిమిట్ల ఆగిందనుకో, నా ఇజ్జత్ ఏంగావాలె?"

ఆయనకు అంబర్‌పేట్‌లో అద్దెకార్ల వ్యాపారం, ఈ కారు కొందామని నడిపి చూడ్డానికి వచ్చాడు. మంచి మనిషే. స్కూటరు మీద వెనకే వచ్చిన తన మనిషిని పిలిచి, తండ్రీకూతుళ్లకు నమస్కారం పెట్టి, స్కూటరెక్కి వెళ్లిపోయాడు. నిండు మధ్యాహ్నం ఎండలో, బోడి రోడ్డు మీద, పెద్ద నల్లకారు పక్కన వాళ్లిద్దరే మిగిలారు.

ఆ కారు పట్టాభిరామయ్య జీవితంలో చేసిన ఒకే ఒక్క దుబారా. తెనాలి దగ్గర పల్లె నుంచి, రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు, సర్కారు వర్క్‌షాపులో ఉద్యోగం మీద హైదరాబాదు వచ్చి నాచారంలో స్థిరపడ్డాడు. స్టోర్సు సూపర్‌వైజరుగా ఉండగా ఏదో ఆఫీసువాళ్లు వేలం వేస్తే ఈ విదేశీ బండిని కొన్నాడు. దాని ఇంజను బిందెలకొద్దీ పెట్రోలు తాగేది. పెట్రోలు ధర భగ్గుమన్న ఏడాది ఆ ఇంజను తీయించి, పాత వ్యానులోంచి విప్పిన డీజిల్ ఇంజను బిగించాడు. అప్పటి నుంచి అది వీధి మలుపు తిరక్కముందే దాని దడదడ ఇంటికి చేరేది. గోడ మీది క్యాలెండరు అదిరేది. ఆయన మాత్రం ఆ చప్పుడు వింటూ మీసంలో నవ్వుకునేవాడు.

ఇప్పుడు ఆయనకు కళ్లు పోతున్నాయి. నీటికాసులన్నారు డాక్టర్లు. పోయిన చూపు తిరిగి రాదనీ, చుక్కలమందు మానకుండా వేసుకుంటే ఉన్నది నిలుస్తుందనీ చెప్పారు. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది, అదీ మసకగా. పక్కనుంచి మనిషి వచ్చినా తెలియదు. ఆ వేళ దవాఖానా మెట్లు దిగుతూ ఆయన అన్న మొదటి మాట, "కారు అమ్మేద్దాం అమ్మాయ్."

రోడ్డు పక్కన చింతచెట్టు నీడలో చాలాసేపు కూర్చున్నారు. ఇంజను చల్లారాక అరుణ పక్క పొలం మోటారు దగ్గర్నుంచి నీళ్లు తెచ్చి రేడియేటర్‌లో పోసింది. పెద్దగా పట్టలేదు, కొంచెమే తగ్గినట్టుంది.

"నువ్వు నడుపు," అన్నాడు తండ్రి.

"నేనా? నాకు లెర్నర్ చీటీయే కదా ఉంది!"

"పక్కన లైసెన్సున్నవాడు కూర్చుంటే చాలు. నా లైసెన్సుకు కళ్లు బాగానే ఉన్నాయి."

అరుణకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. హబ్సిగూడలోని పరిశోధనశాలలో ఆమె సైంటిఫిక్ అసిస్టెంటు. రోజంతా గాజు సామానుతో, కొలతలతో పని. స్టీరింగు మాత్రం ఉప్పల్ మైదానంలో, ఆదివారాల్లో, తండ్రి పక్కనుండగా నాలుగైదుసార్లు పట్టుకుందంతే. ఆమె సీట్లో కూర్చుని, చీర కొంగు బొడ్లో దోపుకుని, గేరు వేసింది. కారు రెండుసార్లు ఎగిరి, మూడోసారి కదిలింది.

ఎద్దుబండ్లను కూడా దాటే ధైర్యం లేక ఒక బండి వెనకే చాలా దూరం నడిపింది. వెనక లారీవాళ్లు హారను కొట్టి కొట్టి, తిట్టి, దాటిపోయారు. దారి పొడుగునా తండ్రి ఒకటే అడుగుతున్నాడు. "వేడి చూపే ముల్లెక్కడుంది?"

"మధ్యలో."

"ఇప్పుడో?"

"అక్కడే ఉంది నాన్నా. కదల్లేదు."

నాచారం చేరి, ఇంటిముందు ఇంజను ఆపేదాకా ముల్లు మధ్యగీత మీదినుంచి జరగలేదు. జనార్ధనరావు చేతిలో పైకి ఎగబాకిన ముల్లు, ఇంజను పరుగు తగ్గించగానే సగానికి దిగి, మళ్లీ పరుగు అందుకోగానే ఎర్రగీత ఎక్కిన ముల్లు, అరుణ చేతిలో బుద్ధిమంతుడిలా కూర్చుంది.

పట్టాభిరామయ్య కారు దిగలేదు. అలాగే కూర్చుని నెమ్మదిగా అన్నాడు. "చలికాలం నుంచే ఇది ఇలా ఆడుతోందమ్మా. నేను చూస్తూనే ఉన్నాను. నా కళ్లే ఆడుతున్నాయనుకున్నాను, ముల్లు కాదనుకున్నాను. ఎవరికి చెప్పను?"

అరుణ ఆ చలికాలమంతా తండ్రి ఎదుట కూర్చుని అన్నం తింది, పేపరు చదివి వినిపించింది. లోపల ఆయన ఇంత బెంగ మోస్తున్నాడని పసిగట్టలేకపోయింది.

"అమ్మితే తర్వాత అమ్ముదాం," అంది చివరికి. "ముందు దీని రోగమేమిటో తేలాలి. తేలకుండా ఎవరికీ ఇవ్వను."

మర్నాడు కారును ఉప్పల్‌లో ఉమాపతి షెడ్డుకు తీసుకెళ్లారు. డీజిల్ ఇంజను బిగించింది ఉమాపతే. ముప్పై అయిదేళ్ల మనిషి, చేతులకెప్పుడూ గ్రీజు, నోటి నిండా మాటలు. పట్టాభిరామయ్యంటే గురి.

అంతా విని ఉమాపతి తల ఊపాడు. "గాస్కెట్ పోయిందేమో సార్. గది పోతే ఇంజన్ల మండే గాలి పోయి నీళ్లల్ల కలుస్తది. గప్పుడు ముల్లు గిట్లనే ఎగురుతది. ఇంజన్ తల ఇప్పాలె."

"విప్పకుండా తెలుసుకునే దారి లేదా?" అంది అరుణ.

"ఎందుకు లేదు చెల్లె? రా, సూపిస్త."

చల్లారిన ఇంజను మీద రేడియేటర్ మూత తీసి, ఇంజను నడిపించి, నీళ్లలోకి చూడమన్నాడు. గాస్కెటు పోయి ఉంటే అన్నం ఉడికినట్టు బుడగలొస్తాయట. అరుణ వంగి కళ్లార్పకుండా చూసింది. నీళ్లు తేటగా కదులుతున్నాయి తప్ప ఒక్క బుడగా లేదు. ఉమాపతి తనూ చూసి, "లేవు. శానా మంచిదాయె. తల గట్టిగనే ఉన్నది సార్, ఫికర్ జెయ్యకుండ్రి," అన్నాడు.

అసలు ముల్లే అబద్ధం చెబుతోందేమోనని అరుణకు అనుమానమొచ్చింది. పై అధికారి నరసింహమూర్తిగారిని అడిగి పొడుగాటి థర్మామీటరు ఒకటి తెచ్చింది. ఇంజను వేడెక్కాక దాన్ని రేడియేటర్ నీళ్లలో ముంచి చూస్తే ముల్లు చెప్పిందీ, పాదరసం చెప్పిందీ ఒక్కటే. ఫ్యాను బెల్టు వేలితో నొక్కి చూశాడు ఉమాపతి, బిగువుగానే ఉంది.

ఇక థర్మోస్టాట్. నీళ్లు వేడెక్కేదాకా దారి మూసి ఉంచి, వేడెక్కాక తెరుచుకునే చిన్న ఇత్తడి మూత అది. ఒక్కోసారి పట్టేస్తుంది, ఒక్కోసారి వదిలేస్తుంది. ఉమాపతి దాన్ని విప్పి అరుణ చేతిలో పెట్టాడు. "ఇంటికి తీస్కపోయి నీళ్లల్ల మరగపెట్టి సూడు. మా దగ్గర గంత ఓపిక యాడిది?"

ఇంట్లో అదో పెద్ద రభస అయింది. తల్లి కమలకుమారి వంటింటి గుమ్మంలో నిలబడి, "పాలగిన్నెలో కారు ముక్కలు ఉడకబెడతారా? మీకేమైనా మతి ఉందా?" అని కేకలేసింది. కేకలేస్తూనే ఒక సొట్టగిన్నె వెతికి ఇచ్చింది. కిరసనాయిలు స్టవ్వు మీద నీళ్లు పెట్టి, దారం కట్టిన మూతను అందులో వేలాడదీశారు. పక్కన థర్మామీటరు. అరుణ కళ్లు పాదరసం మీదుంటే, మూత తెరుచుకోవడం ముందు చూసింది తల్లే.

"అదుగో, నోరు తెరుస్తోంది! ఏమండీ, పిచ్చుకపిల్లలా నోరు తెరుస్తోందండీ!"

తెరుచుకోవలసిన వేడికే తెరుచుకుంది. గిన్నె దించగానే నెమ్మదిగా మూసుకుంది. దాని తప్పేమీ లేదు.

మిగిలింది రేడియేటర్. ఉమాపతి దాన్ని విప్పి, తిరగేసి, పంపు నీళ్లు ధారగా పట్టాడు. ఎర్రటి తుప్పు, బురద, ఏవో ఆకుల పొడి, కడవెడు బయటికొచ్చింది. అందరికీ ప్రాణం లేచివచ్చింది. "గిదే సార్! గిదే దొంగ!" అన్నాడు ఉమాపతి. మళ్లీ బిగించి, ఉమాపతే నడిపాడు, మేడిపల్లి రోడ్డు మీద. పీర్జాదిగూడ దాకా ముల్లు మధ్యలో ఉంది. ఖాళీ రోడ్డు చూసి కాలు గట్టిగా నొక్కాడో లేదో, ముల్లు లేచింది.

ఉమాపతి కారు తిప్పాడు. ఇల్లు చేరాక పట్టాభిరామయ్య తడుముకుంటూ దిగి, కారు కప్పు మీద చెయ్యి వేసి అన్నాడు.

"చాల్లే అమ్మాయ్. తుక్కువాళ్లకు చెప్పు. చూపు లేనివాడికి ఈ భాగోతమెందుకు?"

"మీ ఒక్కరి కోసమే అనుకుంటున్నారా?" అంది అరుణ. తన గొంతు అంత గట్టిగా వస్తుందని తనకే తెలియదు. "నాకు అక్కర్లేదా? మీరు వెనక్కి తగ్గితే నేను ముందుకెలా పోతాను? ఉప్పల్ మైదానంలో మీరు నాకు క్లచ్చి నేర్పింది ఎందుకు?"

ఆయన లోపలికి వెళ్లిపోయాడు. రాత్రి భోజనాల దగ్గర కమలకుమారి ఇద్దరికీ చెరో గరిటె పప్పు ఎక్కువ వడ్డించి ఊరుకుంది.

తెల్లారి ఆదివారం. అరుణ కాఫీ తాగి, ఒంటరిగా వెళ్లి కారులో కూర్చుని ఆలోచించింది. జనం మధ్య మెల్లగా పోతే ఏ బండైనా వేడెక్కుతుంది, రోడ్డెక్కి గాలి కొడితే చల్లబడుతుంది. దీనికి అంతా తారుమారు. తను భయంభయంగా నడిపితే చల్లగా ఉంది, నేర్పున్నవాళ్లు వేగంగా నడిపితే కాగిపోతోంది. వేగమెక్కినప్పుడు మాత్రమే జరిగేదేదో ఉంది. ఆపి, బానెట్ ఎత్తి చూసేసరికి అది మాయమవుతోంది. ఆగిన బండిలో వెతికితే ఎలా దొరుకుతుంది?

ఇంజను నడిపించి, బానెట్ ఎత్తి వచ్చి చూసింది. మామూలుగానే ఉంది. కారులోకి వెళ్లి యాక్సిలరేటర్ నొక్కింది. ఇంజను గర్జించింది కానీ, ఎత్తిన బానెట్ అడ్డమై ఏమీ కనిపించలేదు. కాలు తీసి పరుగెత్తుకొచ్చి చూస్తే మళ్లీ మామూలే. అలా రెండుమూడుసార్లు తిరిగింది.

గర్జన విని పట్టాభిరామయ్య అరుగు మీదికి వచ్చాడు. కాసేపు చెవి ఒగ్గి నిలబడ్డాడు.

"ఏం చేస్తున్నావు?"

"నొక్కినప్పుడు లోపల ఏమవుతోందో చూడాలి. నేనొక్కదాన్ని రెండుచోట్ల ఉండలేకపోతున్నాను."

ఆయన పంచె పైకి బిగించి, తువ్వాలు భుజాన వేసుకుని, మెట్లు దిగివచ్చాడు. "నువ్వు పోయి కూర్చో. నేనుంటాను ఇక్కడ."

"వద్దు నాన్నా, ఫ్యాను తిరుగుతోంది!"

"ఫ్యాను ఎక్కడుందో తెలియడానికి నాకు కళ్లక్కర్లేదే. నా బండి ఇది. నేను చెప్పినప్పుడు నొక్కు. ఆపమంటే ఆపు."

కమలకుమారి కూడా వీధిలోకొచ్చి, భర్త వెనక నిలబడి, ఆయన పంచె అంచు పట్టుకుంది. అరుణ సీట్లో కూర్చుంది. అవతల తండ్రి గొంతు మాత్రం వినిపిస్తోంది.

"నొక్కు."

నొక్కింది.

"ఆపు. పై గొట్టం ఉబ్బుతోంది, అది మామూలే. ఉండు, పక్కకొస్తాను." ఇంజనుకు ఓ పక్కగా, ఫ్యానుకు దూరంగా మోకాళ్ల మీద కూర్చుని, తువ్వాలు చేతికి చుట్టి, రేడియేటర్ అడుగు నుంచి ఇంజనుకు నీళ్లు వెళ్లే కింది రబ్బరు గొట్టాన్ని ఆయన గుప్పిట పట్టుకున్నాడని తర్వాత తల్లి చెప్పింది. "ఊఁ, నొక్కు. ఇంకొంచెం. ఇంకా నొక్కు!"

ఇంజను అరిచింది. ఆ అరుపులోంచి తండ్రి కేక. "వదులు! మళ్లీ నొక్కు! వదులు!"

అరుణ ఇంజను ఆపి పరుగున వచ్చింది. పట్టాభిరామయ్య నేల మీదే కూర్చున్నాడు. చెంప మీద నల్లటి మరక. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"చప్పిడి అయిపోతోందమ్మా! నా గుప్పిట్లో, అప్పడంలా! వదలగానే మళ్లీ గుండ్రంగా లేస్తోంది. వేగం పెరిగితే పంపు గట్టిగా పీలుస్తుంది, ఆ పీల్పుకు గొట్టం గోడలు అతుక్కుపోతున్నాయి. గొంతు నొక్కినట్టే. ఇంక నీళ్లెక్కడివి ఇంజనుకు? కాలు తీస్తే గొంతు తెరుచుకుంటుంది, ముల్లు దిగుతుంది. అంతే! అంతేనే పిచ్చిపిల్లా!"

"వంగి చూస్తే సరిపోయేది కదండీ?" అంది కమలకుమారి.

"చూసినా కనిపించదు. ఫ్యాను నీడ, లోపల చీకటి. పట్టుకుంటేనే తెలుస్తుంది."

ఆ వాడ పిల్లలు నలుగురు చుట్టూ మూగారు. ఎదురింటావిడ ఏం జరిగిందని అడిగితే కమలకుమారి, "మా ఆయన రోగం పట్టుకున్నారు," అంది. కారుదో, మనిషిదో చెప్పలేదు.

ఆ సాయంత్రమే ఉమాపతి వచ్చి గొట్టం కోసి చూశాడు. లోపల ఉండవలసిన తీగచుట్ట తుప్పుపట్టి పొడైపోయింది. గొట్టం చప్పిడి కాకుండా పట్టి ఉంచేది ఆ చుట్టే. ఆ పొడే కొంత రేడియేటర్‌లో చేరింది. "అరెరె! పైనుంచి సూస్తే కొత్త పైపు లెక్కనే ఉన్నది కదా సార్. నేను నూరుసార్లు సూసిన దీన్ని." ఉమాపతి దాచుకోకుండా నవ్వాడు. "చెయ్యి పెట్టి మరీ పట్టిన్రు. మస్తు పని జేసిన్రు."

గొట్టం సికింద్రాబాదు రాణిగంజ్‌లో దొరికింది. దానికి సరిపోయే తీగచుట్ట దొరకలేదు. ఉమాపతి మల్లాపూర్‌లో తనకు తెలిసిన లేతు షెడ్డులో, గట్టి తీగను కడ్డీకి చుట్టించి, తుప్పుపట్టకుండా పూత పూయించి తెచ్చాడు. బిగించాక అరుణ నొక్కింది, పట్టాభిరామయ్య గుప్పిట పట్టాడు. గొట్టం కదల్లేదు.

ఆ వారం తొలి వాన పడింది. వాన వెలిసిన మర్నాడు, కడిగినట్టున్న రోడ్డు మీద, ముగ్గురూ ఘట్‌కేసర్ వైపు బయల్దేరారు. స్టీరింగు అరుణ చేతిలో. ఇన్నాళ్లలో చెయ్యి కాస్త కుదిరింది. పీర్జాదిగూడ దాటాక తండ్రి, "ఇప్పుడు పోనీ," అన్నాడు. ఆమె కాలు నొక్కింది. దడదడ చిక్కబడి ఒకే గుక్కలా అయింది. చెట్లు వెనక్కి పరుగెత్తాయి. వెనక సీట్లో కమలకుమారి దేవుణ్ణి తలుచుకుంటూ, కిటికీ లోంచి ముఖం మీద కొట్టే గాలిని మాత్రం వదులుకోలేదు.

"ముల్లు?"

"మధ్యలో."

మేడిపల్లి వచ్చింది, వెళ్లింది.

"ముల్లు?"

"మధ్యలోనే నాన్నా."

ఎద్దుబండిని దాటింది. ఒక లారీని దాటింది. మూడోసారి ఆయన ముల్లు గురించి అడగలేదు. "కుడివైపు చెరువుండాలి. నీళ్లొచ్చాయా?" అన్నాడు.

"వచ్చాయి. కొంగలు కూడా వచ్చాయి. తెల్లగా, గట్టు పొడుగునా."

"చెప్పు, ఇంకా ఏం కనబడుతోంది?"

ఆమె చెబుతూ నడిపింది. ఆయన తల ఆడిస్తూ విన్నాడు.

బాగైన సంగతి ఎలా తెలిసిందో, జనార్ధనరావు మళ్లీ వచ్చాడు. కారు చుట్టూ తిరిగి, ఇంజను చప్పుడు విని తృప్తిపడ్డాడు. పట్టాభిరామయ్య, "బండి నడిపేది అమ్మాయి. ఆవిడనే అడగండి," అన్నాడు.

"అమ్మదలుచుకోలేదండీ," అంది అరుణ.

జనార్ధనరావు కోపగించుకోలేదు. "అచ్ఛా! ఆడపిల్ల నడుపుతదా? నడపనీ. మా ఆవిడకు గూడ జెప్త," అని కాఫీ తాగి వెళ్లాడు.

వర్షాకాలంలో నాచారం నుంచి హబ్సిగూడకు బస్సు దొరకడమంటే గగనమే. పరిశోధనశాలలో పనిచేసే సత్యవేణీ, మంగతాయారూ తడిసి ముద్దై, ఆలస్యంగా చేరి మాటలు పడుతుండేవాళ్లు. అరుణకు పక్కా లైసెన్సు వచ్చిన సోమవారం నుంచి ఇద్దరూ ఆ కారులోనే. అందరికంటే ముందు ఎక్కేది మాత్రం పట్టాభిరామయ్య. ఆయన్ను ముందు ఉప్పల్‌లో ఉమాపతి షెడ్డు దగ్గర దించి, మళ్లీ వెనక్కి హబ్సిగూడ రావాలి. ఉమాపతి పిలిచాడు మరి. "ఒక లారీ వచ్చింది సార్, ఏదో కొత్త సప్పుడు. అర్థమైతలేదు. జర మీరొచ్చి చెవి పెట్టుండ్రి," అని.

మొదటిరోజు షెడ్డు ముందు కారాగగానే ఉమాపతి ఎదురొచ్చి పెద్దాయన చెయ్యి పట్టుకున్నాడు. ఆయన రెండడుగులు వేసి, లారీ చప్పుడుకు తల ఓ పక్కకు వంచి నిలబడిపోయాడు. కూతురికి వెళ్లొస్తానని చెప్పడం కూడా మరిచాడు. అరుణ కారు వెనక్కి తిప్పుతుంటే, సత్యవేణి ముందు సీట్లోకి జరిగి, స్టీరింగు మీది ఆమె చేతులనే చూస్తూ అడిగింది.

"అరుణా, ఇది నేర్చుకోవడం చాలా కష్టమా?"

"మొదట రెండుసార్లు ఎగురుతుంది," అంది అరుణ. "ఆదివారం మైదానానికి రా."